ఊ కొట్టే క్లాసు

పైడిరాజు క్లాసులో అర్థం కానివాళ్ళంటూ ఎవరూ లేరు. అతనికొచ్చిన కష్టమల్లా అదే.

కొండవలస డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు పైడిరాజు. చెప్పొద్దూ, పాఠమంటే ప్రాణం పెడతాడు. వెనకబెంచీ దాకా కనబడేలా గోడకి పెద్ద తెర కట్టించింది అతనే. సెలవుల్లో తోటివాళ్ళంతా పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తిరుగుతుంటే, తను గది తలుపు వేసుకుని ల్యాప్‌టాప్‌లో బొమ్మలు చేసుకునేవాడు. అవి ఉత్త బొమ్మలు కావు, కదిలే బొమ్మలు. కింద మంట తగలగానే నీటి కణాలు గంతులేస్తాయి, ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ఆఖరికి ఆవిరై పైకెగిరిపోతాయి. చూసినవాళ్ళు ఔరా అనాల్సిందే.

అక్కడితో ఆగాడా? పిల్లలందరి ఫోన్లలో ఒక యాప్ వేయించాడు. పాఠం అవగానే అందులో రెండు బటన్లు వస్తాయి. పచ్చది నొక్కితే అర్థమైనట్టు, ఎర్రది నొక్కితే కానట్టు. ఎవరేం నొక్కారో చూసుకుని అదే తెరమీద పెద్ద చక్రం గీస్తుంది.

"అర్థమైందా?" అనేవాడు పైడిరాజు.

"అర్థమైంది సార్!" అని క్లాసంతా ఒక్క గొంతు. ఆ వెనకే తెరమీద చక్రం పచ్చగా నిండిపోయేది. నాట్లు వేసిన మడి చూసుకున్న రైతులా ఆ చక్రం చూసుకుని మురిసిపోయేవాడు పాపం.

మొదటి మిడ్ పరీక్ష పెట్టేదాకా ఆ మురిపెం బాగానే సాగింది.

పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చాడు. మరుగుతున్న నీళ్ళకి ఇంకా వేడి ఇస్తే ఉష్ణోగ్రత ఏమవుతుంది? వారం రోజుల పాఠం, అన్నన్ని బొమ్మలు, అన్నీ దీని మీదే. ఒకడు రెండొందల డిగ్రీలవుతుందని రాశాడు. ఒకమ్మాయి ఐదొందలంది. ఇంకొక మహానుభావుడు నీళ్ళు మాడిపోతాయని రాసి కింద గీత కూడా గీశాడు. వీళ్ళంతా పచ్చ బటను నొక్కినవాళ్ళే.

ప్రిన్సిపాల్ సన్యాసిరావుగారు కబురు పెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు గానీ నోటికి కాస్త కారం ఎక్కువ.

"ఏమయ్యా పైడిరాజూ, తెర బాగుంది. తెరమీద బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. తెర ముందు కూర్చున్నవాళ్ళ సంగతే బాలేదు."

పైడిరాజు తల వంచుకున్నాడు.

"ఫిజిక్స్ గ్రూపులో చేరేదే తక్కువమంది. చేరినవాళ్ళు ఇలా తప్పుతున్నారు. రెండో మిడ్‌లో సగంమందైనా గట్టెక్కకపోతే, వచ్చే ఏడాదికి గ్రూపు ఎత్తేయమని నేనే పైకి రాస్తాను. తరవాత నన్నని లాభం లేదు."

ఆ మాట పట్టుకుని పైడిరాజు బయటికొచ్చాడు. ఉద్యోగం మాట అలా ఉంచండి, అతన్ని ఇంకో కాలేజీకి వేస్తారు, అంతే కదా. పిల్లల్నెక్కడికి వేస్తారు? ఈ గ్రూపు పోతే మళ్ళీ ఫిజిక్స్ చదవాలంటే ఘాట్ రోడ్డు దిగి పట్నం పోవాలి. కొండమీది ఊళ్ళవాళ్ళు ఆడపిల్లల్ని అంతదూరం పంపుతారా? 'చదివింది చాల్లే' అంటారు. పైడిరాజు కూడా ఆ ఊళ్ళవాడే. ఈ గ్రూపే లేకపోతే తనిప్పుడు ఏ జీడితోటలోనో పిక్కలు ఏరుకుంటూ ఉండేవాడు.

ఆ గ్రూపు తెచ్చిన మనిషి కొండవలసలోనే ఉంది. వరహాలమ్మ మేడం. ఒకప్పుడు ఊరూరూ తిరిగి, గుమ్మాల ముందు కూర్చుని, తల్లుల్ని బతిమాలి, తండ్రుల్ని తిట్టి పిల్లల్ని ఫిజిక్స్‌లో చేర్పించింది. పైడిరాజుకి పాఠం చెప్పిందీ ఆవిడే, బెంచీ ఎక్కించిందీ ఆవిడే. రిటైరైపోయి బజారు వీధిలో టైలరు షాపు మీద మేడగదిలో ఒక్కతే ఉంటోంది.

సాయంత్రం సరాసరి అక్కడికే పోయాడు.

వరహాలమ్మ చాపమీద కూర్చుని పనసపండు కోసి తొనలు తీస్తోంది. మోచేతుల దాకా నూనె రాసుకుంది. గదంతా పనస వాసన. పైడిరాజుని చూసి గడ్డంతో కుర్చీ చూపించింది.

కూర్చున్నాడు. ఇక మొదలుపెట్టాడు చూడండి!

"మేడం, నేను చెయ్యని పని లేదు మేడం. తెర కట్టించాను."

"ఊ," అంది వరహాలమ్మ, తొన తీస్తూ.

"బొమ్మలు కదిలేలా చేశాను. పట్నంలో పెద్దపెద్ద కాలేజీల్లో కూడా లేవవి."

"ఊ."

ఆవిడ ఊ కొడుతున్నకొద్దీ అతనికి హుషారొచ్చింది. యాప్ గురించి చెప్పాడు. పచ్చ బటను గురించి చెప్పాడు. పిల్లలకి శ్రద్ధ లేదన్నాడు, ఇంటర్‌లో పునాది లేదన్నాడు, రీల్స్ చూసి చెడిపోయారన్నాడు. ప్రిన్సిపాల్ అన్న మాట కూడా చెప్పాడు. దానికీ "ఊ" అంది. మధ్యలో ఒకసారి అయ్యో అన్నట్టు తల కూడా ఊపింది. ఇంత ఓపిగ్గా తన గోడు విన్నవాళ్ళు ఇంకెవరున్నారు అనుకున్నాడు పైడిరాజు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు మేడం?"

"ఊ."

"ఏం చెయ్యమంటారూ అంటున్నాను!"

"ఊ, ఊ."

పైడిరాజు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

వరహాలమ్మ ఆఖరి తొన గిన్నెలో వేసింది. లేచి వెళ్ళి సబ్బుతో చేతులు రుద్దుకుంది, తువ్వాలుతో శుభ్రంగా తుడుచుకుంది. కిటికీలో పెట్టి ఉన్న చెవి మిషను తీసి చెవిలో పెట్టుకుంది. అది కుయ్‌మని ఒక్క కూత కూసి ఊరుకుంది.

"ఆఁ, ఇప్పుడు చెప్పు, ఏమిటి సంగతి?"

"మేడం! మీరు ఇందాకటినుంచీ ఊ అంటున్నారు కదండీ!"

"నూనె చేతులు కదా, మిషను తీసి అక్కడ పెట్టాను. నువ్వేమో కళ్ళనీళ్ళు పెట్టుకుని తెగ చెబుతున్నావు. వినబడ్డం లేదంటే చిన్నబుచ్చుకుంటావేమోనని ఊ అన్నాను."

పైడిరాజుకి ఒళ్ళు మండింది. అరగంట సేపు ఏడ్చి మొత్తుకున్నదంతా గోడకి చెప్పుకున్నట్టయింది కదా! లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. లేచాడు కూడా. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. పచ్చ చక్రం కళ్ళముందు తిరిగింది. నెమ్మదిగా వెనక్కొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

జరిగిందంతా మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు. వరహాలమ్మ పనస తొనలు పళ్ళెంలో పెట్టి చేతికిచ్చింది.

"అయితే ఆ యాప్ తీసిపారేస్తాను మేడం. తెర కూడా చుట్టేస్తాను. మీలాగ చాక్‌పీసుతోనే చెబుతాను."

"అదేం చేసిందిరా పాపం?" వరహాలమ్మ చెవి తట్టుకుంది. "ఇది లేకపోతే నీ మాట నాకు వినబడదు. కిటికీలో పెట్టి ఊ కొడితే తప్పు దానిదా? తిను, తొనలు బాగున్నాయి."

అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదావిడ.

మర్నాడు పైడిరాజు క్లాసులో అడిగేశాడు. "నిజం చెప్పండి. ఎవరికి అర్థం కాలేదో చెయ్యెత్తండి. నేనేమీ అనుకోను."

ఒక్క చెయ్యి లేస్తే ఒట్టు. అందరూ బెంచీల మీద గీతలు చూసుకుంటూ కూర్చున్నారు. ఇంకాస్త గట్టిగా అడిగాడు. ఇంకాస్త తలలు వంచుకున్నారు.

గంట కొట్టాక అందరూ వెళ్ళిపోయారు గానీ రోజా అనే అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. కొండమీది ఊరి పిల్ల, ఇంటిపేరు బిడ్డిక. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. పరీక్షలో ఐదొందల డిగ్రీలు రాసిన ఘనత ఆవిడదే.

"సార్, కోపం రాదు కదా?"

"రాదు, చెప్పు."

"మాకు చాలామందికి అర్థం కాలేదు సార్. అర్థం కాలేదంటే మీరు బాధపడతారని పచ్చది నొక్కేశాం. అన్ని బొమ్మలు చేసుకొచ్చారు కదా సార్, మనసొప్పలేదు."

కోపం ఎక్కడినుంచి వస్తుంది? పైడిరాజు ఇంకో పక్కకి తిరిగి తెర చుట్టడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల కూడా నిలబడకుండా బస్సు కోసం పరుగెత్తింది.

ఆ సాయంత్రం మళ్ళీ మేడగది మెట్లెక్కాడు. ఈసారి కూర్చోకముందే వరహాలమ్మ చెవిలో మిషను ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది. రోజా అన్నమాట చెప్పాడు.

"మంచి పిల్లలురా," అంది వరహాలమ్మ. "రేపు నీ క్లాసు ఎన్నింటికి?"

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. జరీ అంచు నేతచీర కట్టుకుని, చేతిసంచి చంకన పెట్టుకుని వచ్చి, చివరి బెంచీలో రోజా పక్కన కూర్చుంది. పిల్లలకి ఆవిడెవరో తెలుసు. ల్యాబ్ గుమ్మం మీద ఫొటో ఉంది. 'సార్‌కి కూడా సార్' అని గుసగుసలాడుకున్నారు.

పైడిరాజు చెమటలు తుడుచుకుంటూ పాత పాఠమే మళ్ళీ ఎత్తుకున్నాడు. కణాలు గంతులేశాయి, ఆవిరై ఎగిరాయి. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. "అర్థమైందా?"

"అర్థమైంది సార్!"

చివరి బెంచీలో చెయ్యి లేచింది. గాజుల చెయ్యి, ముడతలు పడ్డ చెయ్యి. వరహాలమ్మ లేచి నిలబడింది.

"సార్, నాకు అర్థం కాలేదు సార్."

క్లాసంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. ఇదే గదిలో, అదిగో ఆ కిటికీ పక్కనే, తనని బెంచీ ఎక్కించిన మనిషి చేతులు కట్టుకుని నిలబడి తనని సార్ అంటోంది.

"ఏది అర్థం కాలేదు మేడం?"

"మేడం ఏమిటి సార్? నేనిప్పుడు మీ స్టూడెంటుని."

పిల్లలు కిసుక్కుమన్నారు.

"నేను పప్పు వండుతున్నాను సార్. నీళ్ళు కుతకుతలాడిపోతున్నాయి. బేగి ఉడకాలని మంట ఇంకా పెంచాను. ఆ నీళ్ళు ఇంకా వేడెక్కుతాయా, ఎక్కవా?"

ఓస్ ఇంతేనా! జవాబు పైడిరాజు నాలుక చివర ఉంది. నోరు తెరిచాడు.

వరహాలమ్మ చెయ్యి నెమ్మదిగా చెవి దగ్గరికి వెళ్ళింది. మిషను మీద రెండు వేళ్ళు ఆనించి, తీసేయనా అన్నట్టు అతనివంకే చూసింది.

పైడిరాజు నోరు మూసుకున్నాడు.

అలా నోరు మూసుకుని నిలబడటం ఎంత కష్టమో పాఠం చెప్పేవాళ్ళని అడగండి. క్లాసులో మాట లేదు. ముందు బెంచీవాడు దగ్గాడు. ఎవరి పెన్నో కింద పడింది. పైడిరాజు పళ్ళు బిగించి ఊరుకున్నాడు.

"ఎందుకెక్కవు మేడం?" అంది రోజా. ఆవిడ పక్కనే ఉంది కదా, ఇక ఉండబట్టలేకపోయింది. "మాయమ్మ పప్పు బేగి ఉడకాలని పొయ్యిలో కర్రలు ఎగదోస్తాది. మంట ఎక్కువైతే వేడి ఎక్కువ కాదేటి?"

వరహాలమ్మ చెయ్యి చెవిమీంచి దిగిపోయింది.

"ఎక్కదు," అన్నాడు అవతలి వరసలోంచి సింహాచలం. వాళ్ళ నాన్నకి బస్టాండులో టీకొట్టు ఉంది. "మాకొట్లో స్టవ్ ఎంత పెంచినా కుతకుత పెరుగుతుందంతే. గ్యాసు దండగని మా నాన్న తిడతాడు."

"కుతకుత పెరిగిందంటే వేడి పెరిగినట్టే!"

"కాదు!"

"ఏటి కాదు? చెయ్యి పెట్టి చూశావేటి?"

పైడిరాజుకి అప్పుడు తట్టింది. గబగబా ల్యాప్‌టాప్ దగ్గరికి పోయి రెండు బటన్ల మీదా పాత రాత చెరిపేశాడు. పచ్చదాని మీద 'ఎక్కుతుంది', ఎర్రదాని మీద 'ఎక్కదు' అని రాశాడు. ఎవరు ఏది నొక్కారో పేర్లు కనబడకుండా చేశాడు.

"ఫోన్లు తియ్యండి. నొక్కండి."

చక్రం తెరమీదికొచ్చింది. సగం పచ్చ, సగం ఎరుపు. ఆ తెర కట్టించాక దానిమీద ఎరుపు కనబడటం అదే మొదటిసారి. క్లాసు 'ఓహో' అంది.

"నేను చెప్పను," అన్నాడు పైడిరాజు. ఆ మాట అంటుంటే అతనికే నవ్వొచ్చింది. "మీ పక్కనున్నవాళ్ళు మీకు ఎదురు నొక్కి ఉంటే పట్టుకోండి. వాళ్ళది తప్పని ఒప్పించేదాకా వదలొద్దు."

ఇక చూస్కోండి! ముందు కాస్త జంకారు గానీ, ఆ తరవాత పట్టపగ్గాలు లేవు. ఒకడు ఇడ్లీ పాత్ర సంగతి తీశాడు. ఒకమ్మాయి చింతపండు చారు తీసింది. 'మరి కుక్కర్లో బేగి ఎందుకు ఉడుకుతాది?' అని ఎవరో అరిస్తే రెండు వర్గాలూ ఒక్క క్షణం ఆలోచనలో పడి, మళ్ళీ మొదలెట్టాయి. ఎన్నడూ నోరు విప్పని పిల్లలు బెంచీలమీద మోకాళ్ళు పెట్టి వెనక్కి తిరిగి మరీ వాదిస్తున్నారు. రోజా, సింహాచలం అయితే వరసల మధ్యకొచ్చేశారు.

ఆ గోలకి సన్యాసిరావుగారు పరుగున వచ్చారు.

"ఏమిటయ్యా ఇది? కొట్టుకుంటున్నారా?"

"నీళ్ళకోసం సార్," అన్నాడు పైడిరాజు.

"కుళాయి బాగు చేయించాను కదయ్యా!"

"ఆ నీళ్ళు కాదు సార్. కూర్చోండి, మీరూ నొక్కుదురుగాని."

ప్రిన్సిపాల్‌గారు అయోమయంగా కుర్చీ లాక్కుని, ముందు బెంచీవాడి ఫోను అందుకున్నారు. ఏది నొక్కారో మాత్రం ఎవరికీ చూపించలేదు.

సింహాచలాన్ని ల్యాబ్‌కి పరుగెత్తించి కరెంటు పొయ్యి తెప్పించాడు పైడిరాజు. గాజుపాత్రలో నీళ్ళు పోసి, తీగతో ల్యాప్‌టాప్‌కి కలిపే థర్మామీటరు అందులో ముంచాడు. అదెప్పుడో కొన్నదే. తన బొమ్మల ధ్యాసలో పడి బీరువాలో మరిచిపోయాడు. నీళ్ళ వేడి ఎంతైతే అంత ఎత్తున తెరమీద ఒక గీత నడుస్తుంది.

గీత బయల్దేరింది. యాభై దాటింది. డెబ్బై దాటింది. క్లాసులో ఎవరూ కూర్చుని లేరు. తొంభై. నీళ్ళు గలగలలాడాయి. గీత వందకి చేరువైంది, అక్కడ అడ్డంగా తిరిగింది.

"పెంచండి సార్, మంట పెంచండి!" అని అరిచింది రోజా.

పైడిరాజు పొయ్యి పూర్తిగా తిప్పాడు. నీళ్ళు ఎగిరెగిరి పడ్డాయి. ఆవిరి తెరమీద నీడలు వేసింది. గీత మాత్రం పైకి లేవలేదు. బల్లపరుపుగా అలాగే పోతోంది.

సింహాచలం వర్గం గది కప్పు లేపేసింది. ఈలలు, చప్పట్లు, బెంచీల మీద దరువులు. ఓడిపోయినవాళ్ళు కూడా నోళ్ళు తెరుచుకుని ఆ గీతనే చూస్తున్నారు. వాళ్ళ కళ్ళల్లో ఉన్నది ఓటమి కాదు. పైడిరాజు ఇన్నాళ్ళూ బొమ్మల్లో ఎన్ని రంగులు పోసినా రానిది అదే.

రోజా మాత్రం చప్పట్లు కొట్టలేదు. పొయ్యి దగ్గరికొచ్చి, ఎర్రగా కాలుతున్న తీగచుట్టని చూసి, తెరమీద గీతని చూసి, నడుంమీద చెయ్యి వేసుకుంది.

"సరే సార్, వేడెక్కలేదు, ఒప్పుకున్నాను. మరి ఇంత మంట పోస్తన్నాం కదా, ఈ మంటంతా ఎక్కడికి పోతంది?"

క్లాసు చప్పున సద్దుమణిగింది.

పైడిరాజు పొయ్యి వదిలి రోజావంక చూశాడు. వారం రోజులు చెప్పిన పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నకి జవాబే. ప్రశ్న లేకుండా జవాబు మాత్రం పట్టుకొచ్చి అందరి నెత్తిన పోశాడు ఇన్నాళ్ళూ. జవాబు మళ్ళీ నాలుక చివరికొచ్చింది. చివరి బెంచీవైపు చూశాడు. చూడక్కర్లేదు అసలు, అయినా చూశాడు.

"రేపు నువ్వే చెప్పు," అన్నాడు.

"అదేటి సార్!" అని రోజా గింజుకుంది. "రాత్రి నిద్దరట్టదు!"

ఆ రోజు కొండ ఎక్కే బస్సులో ఎవరూ రీల్స్ చూడలేదట. మంట ఎక్కడికి పోతుందా అని కండక్టరు కూడా ఒక చెయ్యి వేశాడట. పోతే, ప్రిన్సిపాల్‌గారు గుమ్మం దాటుతూ పైడిరాజు చెవిలో "నేను 'ఎక్కుతుంది' నొక్కానయ్యా, ఎవరికీ చెప్పకు" అని వెళ్ళారు. ఎందుకు దాస్తాడు, సాయంత్రానికి మేడగదిలో చెప్పేశాడు.

ఆ తరవాత పైడిరాజు తెర చుట్టెయ్యలేదు. బొమ్మలూ మానలేదు. కాకపోతే కణాలు సరిగ్గా ఎగరబోయేముందు బొమ్మని ఆపేసి, "ఇప్పుడేమవుతుంది?" అని చేతులు కట్టుకునేవాడు. ముందురోజు సాయంత్రమే ఫోన్లకి ఒక ప్రశ్న పంపేవాడు. కుండలో నీళ్ళెందుకు చల్లబడతాయి, తడిబట్ట గాలికెందుకు ఆరుతుంది, ఇలాంటివి. అన్నీ నెగ్గాయని చెప్పను. ఒకరోజు మరీ తేలిక ప్రశ్న వేస్తే అందరూ ఆవలించారు. ఇంకోరోజు వాదన కాస్తా క్రికెట్‌లోకి దిగి గంట వృథా అయింది. ఆరోజు తిట్టాడు కూడా. 'అర్థమైందా' అన్నమాట మాత్రం మళ్ళీ అతని నోట రాలేదు. రాబోయినప్పుడల్లా నాలిక్కరుచుకునేవాడు.

రెండో మిడ్ వచ్చింది. పైడిరాజు మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పేపర్లు దిద్దింది అతను కాదు, పక్క కాలేజీవాళ్ళు. సగంమందైనా గట్టెక్కాలి, లేకపోతే వరహాలమ్మ మేడం గుమ్మం గుమ్మం తిరిగి తెచ్చిన గ్రూపు తన చేతుల్లో పోతుంది.

ఫలితాలొచ్చిన రోజు తనే వెళ్ళి వరహాలమ్మని స్కూటరు మీద తీసుకొచ్చాడు. ఫలితమేమిటో అతనికీ తెలియదు. ఏదైతే అదయింది, ఆవిడ పక్కన ఉంటే చాలనుకున్నాడు. ఆవిడ ఏమీ అడగలేదు. వెళ్ళి తన చివరి బెంచీలో కూర్చుంది.

సన్యాసిరావుగారు గంభీరంగా లోపలికొచ్చారు. కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఫిజిక్స్ రిజల్టు చూశాను," అన్నారు. "కాలేజీ మొత్తంలో..." అని ఆగి, పైడిరాజు మొహం చూసి, ఇక తమాషా చెయ్యలేకపోయారు. "కాలేజీ మొత్తంలో మీదే మొదటి స్థానం! తప్పినవాళ్ళు చేతివేళ్ళమీద లెక్కపెట్టేటంత మంది. గ్రూపు ఎత్తెయ్యడం కాదు, సీట్లు పెంచమని రాస్తున్నాను!"

బెంచీలు మోగిపోయాయి. సింహాచలం ఈల వేశాడు. పైడిరాజు గోడకి ఆనుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తుడుచుకోలేదు, దాచుకోలేదు.

ప్రిన్సిపాల్‌గారికీ హుషారొచ్చింది. ఇంకాసేపు మాట్లాడారు. వచ్చే ఏడాది గురించి, క్రమశిక్షణ గురించి, ల్యాబ్ గురించి, కాలేజీ పేరు గురించి, వరసాపొంతనా లేకుండా చాలా చెప్పారు. చివర్న చెయ్యెత్తి, "అర్థమైందా?" అన్నారు.

జవాబు రాలేదు. అలాంటి చోట జవాబు రాకపోవడం ఆ కాలేజీ పుట్టాక ఎన్నడూ లేదు. ఆయన ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

రోజా లేచింది.

"ఒకటి అర్థం కాలేదు సార్. సీట్లు పెంచుతానన్నారు. ల్యాబ్‌లో ఉన్నది ఒక్క పొయ్యే. అంతమందిమీ దాని చుట్టూ ఎలా నిలబడతాం?"

"నాకు ఇంకోటి అర్థం కాలేదు సార్!" అని సింహాచలం లేచాడు.

"నాకూ సార్!"

"సార్, నాదీ ఒకటుంది!"

ప్రిన్సిపాల్‌గారు పైడిరాజువంక చూశారు. పైడిరాజు నవ్వాపుకోలేక తెరవైపు తిరిగిపోయాడు. సన్యాసిరావుగారు ఒకటి రెండుసార్లు నోరు తెరిచి మూసి, ఆఖరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఒక్కొక్కళ్ళూ అడగండ్రా బాబూ!" అన్నారు. ఒక్కొక్కళ్ళెక్కడ, గదంతా ఒకేసారి లేచింది.

ఆ సందట్లోంచి దారి చేసుకుంటూ పైడిరాజు చివరి బెంచీ దగ్గరికి వచ్చాడు. వరహాలమ్మ వెనక్కి ఆనుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. పెదవుల మీద నవ్వుంది. చెవి ఖాళీగా ఉంది. మిషను ఒళ్ళో, అరిచేతిలో ఉంది.

ఇంత రోజు, ఇంత మాట, ఆవిడ వినలేదా?

వంగి ఆవిడ చెవి దగ్గర గట్టిగా అరిచాడు. "మేడం! మిషను తీసేశారేం? పిల్లల మాటలు వినబడొద్దూ?"

వరహాలమ్మ కళ్ళు తెరిచి అతన్ని చూసింది. మిషను చేతిసంచిలో వేసి జిప్పు లాగింది.

"వినబడుతున్నాయిరా. దీంతో ఇక్కడేం పని?"